చదివి చెయ్యండి సార్

పోయిన వారం మమతారాణిని ఆఫీసు మెట్ల మీదే వదిలేసి వచ్చాం. పైకెక్కాలా, అటునుంచి అటే బస్టాండుకు పోయి సిరిసిల్ల బస్సెక్కాలా అన్నది తేలక ఆ పిల్ల గోడకు ఆనుకుని నిలబడి ఉంది. ఇవాళే కథలో అడుగుపెడుతున్నవాళ్ళు కొందరు ఉంటారు గనుక, ఆమె మెట్లెక్కేలోగా జరిగింది నాలుగు ముక్కల్లో చెప్పేస్తాను.

కరీంనగర్‌లో గ్రానైట్ వ్యాపారం చేసే ఇంట్లో పుట్టి, ఆ దుమ్ము పడక కంప్యూటర్ల వైపు వచ్చినవాడు ఫయాజ్. అతని చిన్న కంపెనీ సిరిసిల్లలోని ఒక నేత సొసైటీకి చీరల డిజైన్లు తయారుచేసి ఇస్తుంది. ఈ పెళ్ళిళ్ళ సీజన్ కోసం గీసిన కొత్త డిజైన్లన్నీ నిన్న ఆఫీసులోని పెద్ద మిషన్ నుంచి, అంటే అందరి ఫైళ్ళూ ఉండే కంప్యూటర్ నుంచి, మాయమయ్యాయి. నిన్న ఆ మిషన్‌లో పనికిరాని ఫైళ్ళు తీసేసి శుభ్రం చేసింది మమతారాణి. కనుక పోగొట్టింది మమతారాణే అని ఆఫీసు తేల్చేసింది. సాయంత్రం సొసైటీ పెద్దలు వస్తున్నారు. వాళ్ళ ముందు ఎవరో ఒకరి పేరు పెట్టాలి. ఆ పేరు మమతారాణిదైతే పోయేది ఉద్యోగం ఒక్కటే కాదు. ఆమె బాపు హనుమంతు అదే సొసైటీలో సాంచాలు నడుపుతాడు. కరెంటు మగ్గాలను అక్కడ సాంచాలంటారు. డిజైన్లు లేక ఆ సాంచాలు ఆగిపోతే, ఆపింది హనుమంతు బిడ్డేనని వాడకట్టంతా చెప్పుకుంటుంది. ఆ మాట మోస్తూ ఆయన ఆ వీధిలో తలెత్తి నడవలేడు. మెట్ల మీద మమతారాణి కాళ్ళు కదలకపోవడానికి అదీ కారణం.

ఇక ఫయాజ్ దగ్గరే పనిచేసే నౌషీన్. కోపం ముక్కు మీద ఉండే మనిషి, పని మీద మాత్రం ప్రాణం పెట్టే మనిషి. ఆ ఆఫీసులో అందరూ వాడే పనిముట్టు వెర్షన్ కంట్రోల్. చేసిన పనిని చేసినట్టు మెట్లు మెట్లుగా దాచిపెడుతుంది. ఇవాళ చెడగొట్టుకుంటే నిన్నటి దగ్గరికి తీసుకుపోతుంది. మన బతుకులకు లేని సౌకర్యం. దానితో మాట్లాడాలంటే నల్లటి తెర మీద కమాండ్లు కొట్టాలి. ఒక్కో కమాండ్‌కు బోలెడు తోకలు, వాటిని ఆప్షన్లంటారు. చిన్న గీత, పక్కన ఒక అక్షరం. అక్షరం మారిందా, పనే మారిపోతుంది. ఏ తోక ఏం చేస్తుందో ఇంగ్లీషు పేజీల్లో చదివి ఆఫీసులో సగం మందికి తలనొప్పి వచ్చేది. అవన్నీ నౌషీన్ తెలుగులో రాసింది. ఆ పనిముట్టును నడిపే దేశదేశాల మనుషులు ఆమె పేజీలు చూసి ముచ్చటపడి, తమ అసలు పేజీల పక్కన పెట్టుకుంటామని కబురు కూడా పంపారు. ఆ పెట్టుకోవడం ఈ వారంలోనే. నౌషీన్ వాళ్ళమ్మ కుబ్రా ఈ సంగతి కాలనీలో చెప్పని ఇల్లు లేదు.

నిన్న పేచీ తెచ్చింది క్లీన్ అనే కమాండ్. ఫోల్డర్‌లో పోగుపడిన చెత్తను ఊడ్చేస్తుంది. దానికి మైనస్ ఎక్స్ అనే తోక తగిలిస్తే, 'ఇటు చూడకు' అని మనం పక్కన పెట్టిన చోటును కూడా ఊడ్చేస్తుంది. ఆ ఆఫీసులో అలాంటి చోటు ఒకటి ఉంది. పేరు గోదాం. కంపెనీ పెట్టిన కొత్తలో ఇంటర్నెట్ లైను నత్తనడక నడిచేది. బరువైన డిజైన్ ఫైళ్ళు వెర్షన్ కంట్రోల్‌కు ఎక్కిస్తే ఆఫీసంతా చేతులు ముడుచుకుని కూర్చునేది. అందుకని బరువైనవన్నీ గోదాంలో పడేసి, అటు చూడవద్దని దానికి చెప్పేశారు. తర్వాత లైను బాగుపడింది. అలవాటు బాగుపడలేదు. అందువల్ల ఆఫీసులో పనికిమాలిన ప్రతి ముక్కకూ వెనక్కి పోయే దారి ఉంది, అన్నం పెట్టే డిజైన్లకు మాత్రం లేదు.

ఇదీ సంగతి. మమతారాణి మెట్లెక్కేసింది, లోపలికి పోదాం.

ఫయాజ్ గదిలో ఎవరూ కూర్చోలేదు. ఫయాజ్ కిటికీ దగ్గర, టీమ్ లీడర్ భానుప్రసాద్ టేబుల్ పక్కన, నౌషీన్ తలుపు దగ్గర. మమతారాణి లోపలికి వచ్చి ఎక్కడ నిలబడాలో తెలియక మధ్యలో నిలబడింది. రాత్రంతా ఏడ్చిన ముఖం. అయినా జడ బిగించి వేసుకుని, ఇస్త్రీ డ్రెస్ వేసుకుని వచ్చింది.

"సార్, సొసైటీవాళ్ళు వచ్చేలోపట ముగిద్దాం," అన్నాడు భానుప్రసాద్. "అన్నీ తెలిసినయే కద. పెద్ద మిషన్ సాఫ్ చెయ్యమని నేను చెప్పిన. నౌషీన్ రాసిన గైడ్ చూసుకొని చెయ్యమని గూడ చెప్పిన. ఆమె చూడకుంట చేసింది."

ఫయాజ్ ఇటు తిరిగాడు. మంచివాడే, కానీ భయపడితే గొంతు పెరుగుతుంది. "మా అబ్బా రాయి అమ్ముతడు. రాయి పెట్టిన కాడ్నే ఉంటది. నేనేం అమ్ముతున్ననో నాకే సమజ్ అయితలేదు. నౌషీన్! జర సీదా చెప్పు. గా మైనస్ ఎక్స్ పెడితే గోదాం గూడ పోతదని నీ పేజీల రాసి ఉన్నదా, లేదా?"

"ఉన్నది సార్."

"తెలుగుల?"

"తెలుగులనే. ఎర్ర అక్షరాలతోని."

"ఇగ అయిపాయె," అన్నాడు ఫయాజ్.

నిజమే చెప్పింది నౌషీన్. చెప్పాక మాత్రం మమతారాణి మీద జాలేసింది. ఒక పక్క కోపం కూడా ఉంది. ఎన్నిసార్లు చెప్పింది ఈ మనుషులకు, చదవండర్రా, చదివి చెయ్యండర్రా అని! కళ్ళు పోగొట్టుకుని రాసింది ఎవరి కోసం? రెండు నిమిషాలు చదవడానికి బద్ధకం వేసి ఈ పిల్ల ఇంత మంది కడుపు మీద కొట్టింది. జాలి, కోపం రెండూ ఒకేసారి వచ్చి దేనికీ చోటు లేకుండా చేశాయి.

"నేను చదివిన సార్," అంది మమతారాణి.

గొంతు చిన్నదే, కానీ గదిలో అందరికీ వినిపించింది.

"నిన్న చదవలే అన్నవ్ కద?" భానుప్రసాద్ అడిగాడు.

"నేను అనలే సార్. మీరన్నరు. నేను ఏడ్సుకుంట ఉన్న, జవాబు ఇయ్యలే."

నౌషీన్‌కు ఆ జాలి కాస్తా ఎగిరిపోయింది. "చదివితే ఎట్ల కొట్టినవ్ మమతా? అంత ఎర్రగ రాసిన. 'గోదాం లాంటి చోట్లు గూడ పోతయి, తిరిగి రావు' అని. కనిపియ్యలేదా నీకు?"

"కనిపిచ్చింది అక్కా. నేను కొట్టినంక కనిపిచ్చింది."

"అంటే?"

మమతారాణి చున్నీ కొసను వేలికి చుట్టుకుంది. "మీ పేజీ తెరిచిన. పైననే 'తొందరలో ఉన్నవాళ్ళకు' అని రాసిన్రు. దాని కింద కమాండ్ ఉన్నది. 'ఫోల్డర్ పూర్తిగా శుభ్రం కావాలంటే ఇది కొట్టండి' అని. కొట్టిన. కొట్టి, కింద ఇంకేం ఉన్నదో చూద్దామని పోయిన. ఒక్కొక్క అక్షరం ఏం చేస్తదో మొత్తం చదివిన. అన్నిటికన్న అడుగున ఎర్రగ ఉన్నది. అది చదివేసరికి నా చేతులు సల్లవడ్డయి. అప్పుడే గోదాం తెరిచి చూసిన. ఏం లేదు."

"మొత్తం చదివినంక చెయ్యాలె గానీ, చేసుకుంట చదువుతరా ఎవలన్న?" అన్నాడు భానుప్రసాద్.

"అందరు గట్లనే చేస్తరు సార్. ఇది కొట్టు అంటే కొడ్తరు. గుంత దాటినంక బోర్డు పెట్టి, పడ్డోళ్ళదే తప్పంటే ఎట్ల?"

నౌషీన్ తన పేజీని తలచుకుంది. ఆ 'తొందరలో ఉన్నవాళ్ళకు' అన్న ముక్క ఆమెకు చాలా ఇష్టమైన ముక్క. పేజీలు పొడుగైపోయాయి, కావలసింది దొరకడం లేదని ఆఫీసులో అందరూ గోల పెడితే, చదివేవాళ్ళ మీద ప్రేమతో ప్రతి పేజీకీ నెత్తి మీద తగిలించింది. అసలు పని పైన, వివరం మధ్యలో, జాగ్రత్తలు చివర. ఎంత పద్ధతిగా ఉందని మురిసిపోయింది! చేతులు కాలాక పట్టుకోవడానికి ఆకులు అడుగున పెట్టానన్నమాట, అనుకుంది. ముఖం మీద ఎవరో చన్నీళ్ళు కొట్టినట్టయింది.

మనసు ఒప్పుకున్నా నోరు వెంటనే ఒప్పుకోదు గదా. మిగతా పేజీలు ఒక్కొక్కటే గుర్తు తెచ్చుకుంది. ఈ పిల్ల చెప్పింది నిజమైతే అది క్లీన్ పేజీ ఒక్కదాని జబ్బు కాదు. అన్ని పేజీలూ అచ్చం అలాగే ఉన్నాయి. ఈ వారంలో ఆ పేజీలు ప్రపంచం ముందుకు పోతున్నాయి.

"నేనైతే గట్ల చెయ్య," అన్నాడు ఫయాజ్. "నేను గూడ ఇంజనీరింగ్ చదివినోణ్ణే. మొత్తం చదివినంకనే చెయ్యి పెడ్త. గా మాత్రం అకల్ ఉండాలె."

నౌషీన్ తలెత్తింది.

"అయితే చదివి చెయ్యండి సార్."

"ఏందీ?"

"క్లీన్ పేజీ వద్దు, దాని సంగతి మీకు ఎరుకైంది. ఇంకో పేజీ ఇస్త. మీరు ఎన్నడు వాడని కమాండ్. పాత లాప్‌టాప్‌ల చెయ్యండి, ఏది పోయినా నష్టం లేదు. మేం పక్కకు నిలబడి చూస్తం. ఒక్క మాట మాట్లాడం. మీరు మంచిగ చేస్తే మమతది తప్పు. నేనే సొసైటీవాళ్ళకు చెప్త."

"సార్, ఇప్పుడు గీ ఆటలేంది?" భానుప్రసాద్ అడ్డం వచ్చాడు. "వాళ్ళు బయల్దేరి ఉంటరు. టైం లేదు."

అడ్డం రాకపోతే ఫయాజ్ ఏమనేవాడో తెలియదు. గ్రానైట్ ఇంటి బిడ్డ, పందెం అంటే చెవి కోసుకుంటాడు. "ఉండు భానూ. నా అకల్ ఎంతనో గీళ్ళకు గూడ చూపిస్త," అని కుర్చీ లాక్కున్నాడు.

పాత లాప్‌టాప్ వచ్చింది. అందులో ఆఫీసు పనికి ఒక నకలు, ఎవరూ కొనని పాత డిజైన్లతో ఒక నకలు గోదాం. నౌషీన్ గోదాంలోది కాకుండా, వెర్షన్ కంట్రోల్‌లోనే ఉన్న ఒక చిన్న చీర అంచు నమూనా తెరిచి, "ముందు దీని రంగులు మీకు నచ్చినట్టు మార్చండి సార్," అంది. ఫయాజ్‌కు రంగుల పిచ్చి ఉంది. ఆకుపచ్చ తీసి నెమలికంఠం వేశాడు. అంచు కొసకు పసుపు పెట్టి, నచ్చక తుప్పు రంగు పెట్టాడు. జరీ దారం పక్కన ఎర్ర గీత ఒకటి లాగి, వెనక్కి వాలి చూసుకుని, తనలో తానే నవ్వుకున్నాడు. సొసైటీ, డిజైన్లు, మమతారాణి, ఏవీ గుర్తులేవు ఆ కాసేపు.

"బాగొచ్చింది కదా?"

"బాగొచ్చింది సార్. ఇప్పుడు దీని నిన్నటి రూపం ఎట్లుండెనో చూడాలె. గీ పేజీ చూసి చెయ్యండి."

రీసెట్ అనే కమాండ్ గురించిన పేజీ. నౌషీన్ రెండు అడుగులు వెనక్కి వేసి చేతులు కట్టుకుంది. రాసినవాళ్ళకు ఇంతకన్నా పెద్ద శిక్ష లేదు. తను రాసింది ఇంకొకరు కళ్ళ ముందే చదువుతుంటే నోరు మూసుకుని చూడాలి. ఇక్కడ ఆగు, అక్కడ చూడు అనడానికి లేదు. ఇళ్ళలో కూర్చుని చదువుకునే వాళ్ళ పక్కన నౌషీన్ ఉండదు గదా.

ఫయాజ్ పైకే చదివాడు. "రీసెట్. ఈ కమాండ్ మీ పనిని పాత మెట్టు దగ్గరికి తీసుకుపోతుంది. అచ్ఛా. తొందరలో ఉన్నవాళ్ళకు... నిన్నటి రూపం కావాలంటే ఇది కొట్టండి. రీసెట్, మైనస్ మైనస్ హార్డ్..."

చెయ్యి కీబోర్డు మీదికి పోయింది. అక్షరాలు ఒక్కొక్కటే కొట్టాడు. సరిచూసుకున్నాడు. మనిషి జాగ్రత్తగానే ఉన్నాడు, పాపం. ఎంటర్ కొట్టేముందు అక్షరదోషం లేదని రెండోసారి కూడా చూసుకున్నాడు. మమతారాణి కళ్ళు మూసుకుంది. వద్దు సార్ అని నౌషీన్ నాలుక చివరిదాకా వచ్చింది. పళ్ళ కింద పెదవి బిగించి పట్టుకుంది.

ఎంటర్ కొట్టాడు.

"అయ్యింది! చూడు, నిన్నటిది వచ్చింది. ఆకుపచ్చ వచ్చింది. గింతే కద?" నౌషీన్ వైపు గెలిచినట్టు చూశాడు. "ఇప్పుడు మళ్ళ నా రంగులు తెప్పించు."

ఫయాజ్ తెరంతా వెతికాడు.

"నౌషీన్, నా నెమలికంఠం ఏది?"

"పోయింది సార్."

"పోవుడేంది? గీ పనిముట్టే వెనక్కి తెచ్చేది కద! తెప్పించు."

"దాచిన పనినే తెస్తది సార్. మీరు దాచకముందే హార్డ్ కొట్టిన్రు. అది తుడిచేసింది. ఇగ రాదు."

"గట్ల పోతదని రాయొద్దా మరి?" ఫయాజ్ గొంతు లేచింది. ఆడుకోవడానికి వేసిన రంగులే, అయినా మనసు చివుక్కుమంది, అది ముఖంలో కనిపిస్తూనే ఉంది.

"రాసిన సార్. అడుగున."

ఫయాజ్ పేజీని కిందికి జరిపాడు. జరిపాడు, జరిపాడు. మధ్యలో తోకలు, వాటి వివరాలు, వాటికి ఉదాహరణలు. అన్నిటికన్నా కింద ఎర్ర అక్షరాలు కనిపించాయి. 'దాచుకోని మార్పులు పోతాయి. తిరిగి రావు.' ఆ ముక్కను చాలాసేపు చూశాడు. తర్వాత మమతారాణి వైపు చూడబోయి, చూడలేక, టేబుల్ వైపు చూశాడు.

నౌషీన్‌కు గెలిచానన్న సంతోషం రాలేదు. ఇంజనీరింగ్ చదివినవాడూ, నిన్న మొన్న చేరిన పిల్లా ఒకే గుంతలో, ఒకే చోట పడ్డారు. గుంత తవ్వినది తనే. ఆ బాధ ఆమెకు గుండెల్లో ముల్లులా గుచ్చుకుంది. ఎన్ని పేజీలు! ఎంత మంది చదివి ఉంటారు! ఎవరెవరి పని ఎక్కడెక్కడ తుడిచిపెట్టుకుపోయి, చదవకపోవడం మా తప్పే అనుకుని గమ్మున కూర్చున్నారో!

"సార్, సొసైటీవాళ్ళకు నా పేరు చెప్పండి," అంది.

"అక్కా!" అంది మమతారాణి.

"ఆగు మమతా. పేజీ నాది. జాగ్రత్త ముందు చెప్పాలె, పని తర్వాత చెప్పాలె. నేను ఉల్టా రాసిన. ఏమేం పోతయో చెరపకుంట ముందే చూపించే తోక ఒకటి ఉన్నది, మైనస్ ఎన్. దాన్ని అన్నిటికన్న పైన పెట్టాలె, నేను అక్షరాల వరుసల ఎక్కడనో పెట్టిన. ఇయ్యాలనే ఆ పేజీలు తీసుకోవద్దని ఆ పనిముట్టు నడిపేటోళ్ళకు రాస్త. అన్ని మళ్ళ రాసి ఇస్త."

అంత తేలిగ్గా అనేసింది గానీ, ఇంటికి పోయి అమ్మతో ఏం చెప్పాలి అన్నది అప్పుడే తట్టింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. దాచుకోలేదు.

ఫయాజ్ జుట్టులోకి వేళ్ళు పోనిచ్చి కూర్చున్నాడు. ఒక్క పేరు అడిగితే, అది కాదని ఇంకో పేరు వచ్చి పడింది. ఈ పేరు ఇంకా బరువైనది.

"సరే సార్, నౌషీన్ ఒప్పుకున్నది కద," అన్నాడు భానుప్రసాద్. "గదే చెప్దాం. అయిపోతది."

ఇందాక మమతారాణి అయినా ఫరవాలేదు, ఇప్పుడు నౌషీన్ అయినా ఫరవాలేదు. ఎవరో ఒకరితో అయిపోతే చాలు. ఇంత తొందరేమిటి ఈ మనిషికి అని మీకు అనిపించి ఉంటుంది. గదిలో ఎవరికీ అనిపించలేదు. ఎవరి ఏడుపు వాళ్ళకుంది.

"గింత అల్కగ ఎట్ల చెప్త భానూ?" అన్నాడు ఫయాజ్. "వాళ్ళు నిలదీసి అడుగుతరు. అసలు నిన్న ఏం జరిగిందో నాకే తెల్వది. నౌషీన్, గీ లాప్‌టాప్‌ల గోదాం నకలు ఉన్నదన్నవ్ కద. నిన్న మమత కొట్టిన కమాండే కొట్టు. ఎట్ల పోతయో నా కండ్లతోని చూడాలె."

"చూసి ఏం చేస్తరు సార్, పోయినయి రావు కద?" అన్నాడు భానుప్రసాద్.

"నువ్వు జర ఊకో."

నౌషీన్ కళ్ళు తుడుచుకుని కూర్చుంది. క్లీన్, మైనస్ ఎక్స్, మిగతా తోకలు. నిన్నటి కమాండే, అక్షరం తేడా లేకుండా. ఎంటర్ కొట్టింది.

నల్ల తెర మీద తెల్లని వరుసలు పరుగెత్తాయి. తీసేశాను, నెమలి అంచు. తీసేశాను, మామిడిపిందె అంచు. తీసేశాను, గళ్ళ కొంగు. పాత డిజైన్ల పేర్లన్నీ ఒకదాని కింద ఒకటి పడుతూ, పైవి తెర దాటి పోతూ, ఆగకుండా వచ్చాయి. పోయినవాళ్ళ పేర్లు చదువుతున్నట్టుంది.

"గింతనే సార్. పోయినయి," అంది నౌషీన్.

మమతారాణి మాత్రం తెర దగ్గరికి వచ్చి వంగి చూస్తోంది. ముఖంలో భయం లేదు. ఏదో అర్థం కానట్టు నొసలు ముడిచింది.

"అక్కా, గీ పేర్లేంది?"

"తీసేసిన ఫైళ్ళ పేర్లు. ఒక్కొక్కటి తీసుకుంట చెప్తది."

"ప్రతిసారి చెప్తదా?"

"ప్రతిసారి చెప్తది. ఏ?"

"నిన్న రాలే అక్కా."

నౌషీన్ కుర్చీ తిప్పింది. "ఏం రాలే?"

"గీ పేర్లు. నిన్న రెండే వరుసలు వచ్చినయి. రెండూ పనికిరాని పాత ఫైళ్ళు. డిజైన్ల పేర్లు ఒక్కటి గూడ రాలే. పేర్లు పడతయని మీ పేజీల లేదు కద, గదంతే కావచ్చు అనుకున్న."

"భయంల చూసి ఉండవ్," అన్నాడు భానుప్రసాద్.

"భయం తర్వాత వచ్చింది సార్. కొట్టినప్పుడు నాకు భయమెందుకు? చాయ్ తాగుకుంట కొట్టిన. రెండే వరుసలు. నేను ఒట్టు పెట్టి చెప్త."

ఫయాజ్ ఇద్దరి ముఖాలూ మార్చి మార్చి చూశాడు. "నాకు సమజ్ కాలే. జర ఇడమర్చి చెప్పున్రి."

నౌషీన్ లేచి నిలబడింది. మాట నెమ్మదిగానే వచ్చింది. "డిజైన్లు గోదాంల ఉంటే, తీసేటప్పుడు వాటి పేర్లన్నీ పడాలె సార్. పడలే. అంటే మమత కమాండ్ కొట్టేసరికే గోదాం ఖాళీగ ఉన్నది. లేనిదాన్ని ఆమె ఏం తీసేస్తది? మమత కొట్టినదాంతోని పోలే. నా పేజీతోని పోలే. అంతకుముందే ఎవలో తీసిన్రు."

"పెద్ద మిషన్ మీద నిన్నటి తెర ఇంకా ఉంటదా? రెండు వరుసలే వచ్చినయా, ఎక్కువ వచ్చినయా, పోయి చూస్తే తెలుస్తది కద," ఫయాజ్ అప్పటికే తలుపు వైపు నడుస్తున్నాడు.

"ఉండదు సార్," అన్నాడు భానుప్రసాద్.

ఫయాజ్ ఆగాడు. "నీకెట్ల ఎరుక?"

"నిన్న నేనే బంద్ చేసిన."

"పెద్ద మిషన్ ఎన్నడు బంద్ చెయ్యం కద. ఎందుకు చేసినవ్?"

పొద్దుటి నుంచి ఎవరినీ కూర్చోనివ్వకుండా తొందర పెట్టిన భానుప్రసాద్, ఇప్పుడు తనే కుర్చీ కోసం వెతుక్కుని కూర్చున్నాడు. అతను రెండు అరచేతులూ మోకాళ్ళ మీద పెట్టుకుని, ఫయాజ్ వైపు కాకుండా గోడ వైపు చూస్తూ అన్నాడు.

"డిజైన్లు పోలే సార్. అన్నీ ఉన్నయి. ఎవలకాడ ఉన్నయో నాకు ఎరుకనే."

నౌషీన్ ఒక అడుగు ముందుకు వేసింది. ఆమె కన్నా ముందు మమతారాణి కదిలింది. నిన్నటి నుంచి ప్రతి మాటకూ సార్ సార్ అన్న పిల్ల, అతని ఎదురుగా పోయి నిలబడి, సార్ అనకుండా అడిగింది.

"ఎరుకుండే నన్ను గిక్కడ నిలబెట్టినవా?"